పక్షులకిచ్చిన కౌలు



నేటి నా ప్రసంగమునకు విషయము పక్షులు. పక్షులనగానే ఇది బాలుర కార్యక్రమమని యెంచి లేచిపోవలదని మనవి. నేను చెప్పబోవునది చెఱువుల కథ, చింతచెట్ల కథ, ఊరుమ్మడి కట్టుబాట్ల కథ. ఈ మూడును పెద్దల యధీనమున నున్నవి గాని పిల్లల యధీనమున లేవు. మన యూళ్ళలో అక్కడక్కడ పక్షిసంరక్షణ సంఘములు వెలసినవి. వానిలో పేరు వ్రాయించుకొన్నవారు మీలోను కొందఱుందురు. పేరు వ్రాయించుకొన్న పిమ్మట చేయవలసినదేమి యని నన్ను పలువురడిగిరి. ఆ ప్రశ్నకు నాకంటె చరిత్రమే చక్కని సమాధానము చెప్పగలదు. ఆ చరిత్రమును కొంత విన్నవించెదను.

చెంగల్పట్టు సీమలో వేడంతాంగల్ అను చిన్న గ్రామము కలదు. ఆ యూరి చెఱువులో నీటినడుమ కడపచెట్లు గుంపులుగా పెరిగియున్నవి. ఈశాన్యపు వానలతో చెఱువు నిండగనే నత్తగుల్లకొంగలు, తెడ్డుమూతికొంగలు, తెల్లకొంగలు, నీటికాకులు వేలకొలది వచ్చి ఆ చెట్లపై గూళ్ళు కట్టును. వాని రెట్ట నీటిలో పడును. ఆ నీరు పొలములకు పాఱును. ఎరువు కొనకయే పైరు బలియును. ఇది పండితులు పరిశోధించి చెప్పకమునుపే ఆ యూరి రైతులు తరతరములుగా ఎఱిగిన సంగతి.

18వ శతాబ్ది చివర కుంఫిణీ సైనికులు తుపాకులతో ఆ చెఱువునకు పోయి కొంగలను వేటాడజొచ్చిరి. గ్రామస్థులు తలవంచి యూరకుండలేదు. కలెక్టరుకడకు పోయి మొఱపెట్టుకొనిరి. అప్పటి కలెక్టరు లయొనెల్ ప్లేసు దొర. ఈ పక్షులు మా పొలములకు ఎరువునిచ్చునవి, వీనిని చంపుట మా కూడు చెఱుచుటయే యని వారు విన్నవించుకొనగా, ఆయన 1798లో వారికొక కౌలు వ్రాయించి యిచ్చెను. ఆ చెఱువు పక్షులను కాపాడుకొను హక్కు ఆ గ్రామమువారిదని దాని తాత్పర్యము. 1858లో ఆ కౌలు మఱల ఖాయపఱుపబడినది.

ఈ ప్లేసు దొర పేరు ఆ సమీపముననే మఱియొక కథలోను వినబడును. మధురాంతకపు పెద్దచెఱువు కట్ట తెగునేమోయని ఆయన వానరాత్రి గట్టుమీద తిరుగుచుండగా, విల్లమ్ములు ధరించిన యిరువురు పురుషులు కట్టను కాచుచు కానవచ్చిరనియు, తెల్లవాఱుసరికి కట్ట చెక్కుచెదరక నిలిచినదనియు అచటివారు చెప్పుకొందురు. అచటి స్వామిని నేటికిని చెఱువు కాచిన రాముడనియే కొలుతురు. చెఱువుకట్టను దేవుడే కాచెనని నమ్మిన సీమలోనే, ఆ చెఱువులపై వ్రాలు కొంగలకు కాగితముపై రక్షణ దొరకినది. నీటిని కాచుటయు పక్షిని కాచుటయు వేఱువేఱు పనులు కావని మన పూర్వులెఱుగుదురు.

కౌలనగా నేమో మీకు నేను చెప్పనక్కఱలేదు. భూమి యొకరిది, అనుభవ మింకొకరిది, నడుమ షరతులు. వేడంతాంగల్ రైతులు పక్షులకు చెట్టునిచ్చిరి, నీటినిచ్చిరి, నిమ్మళమునిచ్చిరి. పక్షులు వారికి ఎరువునిచ్చినవి. ఈ యొడంబడిక దొర రాకకు మునుపే కలదు. ఊరు పక్షులకిచ్చిన కౌలునకు దొర ముద్ర మాత్రము వేసెను. ముద్రకంటె ముందు ఊరి కట్టుబాటున్నదను నీ క్రమమును జ్ఞాపకముంచుకొనవలెనని నా ప్రార్థన. నా ప్రసంగమంతయు దీనిపైననే నిలిచియున్నది.

ఇక గూడబాతు సంగతికి వత్తును. దీనినే కొన్నియెడల చింకబాతందురు. ముక్కుక్రింద సన్న్యాసి జోలెవంటి సంచి, పైముక్కుమీద నీలపు చుక్కలు, బూడిదవన్నె దేహము గల పెద్దపక్షి యిది. డెబ్బదియేండ్లు దాటిన తీరాంధ్రులలో దీనిని చూడనివారు అరుదు. మదరాసు సైన్యమున వైద్యుడుగా నుండి, మన నెల్లూరిలోను కొంతకాలము పనిచేసిన జెర్డన్ అను నాయన 1862 మొదలు 1864 వఱకు భారతదేశపు పక్షులను గూర్చి మూడు సంపుటములు ప్రకటించెను. కర్ణాటక సీమలో ఒక గ్రామము నడిబొడ్డున, పొట్టి చెట్లమీద, గూడబాతులు గూళ్ళు కట్టుట తాను కన్నులార చూచితినని అందు వ్రాసెను. ఎన్ని తరములనుండియో అవి యచటనే యున్నవని ఊరివారాయనకు చెప్పిరి. మనుష్యసంచారమును ఆ పక్షులు లెక్కచేయకుండెనని ఆయన యాశ్చర్యపడెను. మనకది యాశ్చర్యము కాదు. అక్కడ కౌలు అమలులో నున్నదని అర్థము.

ఆ కాలముననే బర్మాలో ఇదే పక్షికి గొప్ప నివాసముండెను. సిత్తాంగ్ నదీప్రాంతపు అడవిలో 1877లో ఓట్స్ అను పక్షిశాస్త్రజ్ఞుడు గూడబాతులను లక్షలకొలది చూచితినని వ్రాసెను. క్రోసులకొలది అడవి, చెట్టుచెట్టున గూళ్ళు. అంతటి సంపద గల జాతికి ముప్పేమి వచ్చునని ఎవరైన ననుకొందురు. కాని 1940ల నాటికి ఆ నివాసము శూన్యమైనది. లక్షల సంఖ్య ఆ జాతిని కాపాడలేదు. ఇక్కడ మన దక్షిణదేశమున నాలుగు చింతచెట్లమీద, ఊరినడుమ, కొన్ని నూఱుల సంఖ్యలో నున్న గూడబాతులు మాత్రము నిలిచినవి. ఈ రెండు వృత్తాంతములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. సంఖ్యకంటె పొరుగు ముఖ్యమని తెలియగలదు.

పొరుగన నేమో కన్నడదేశపు కొక్కరెబెళ్ళూరు చెప్పును. మండ్యజిల్లా మద్దూరు తాలూకాలో షింషానది కనతిదూరమున ఈ గ్రామమున్నది. కొక్కరె యనగా కొంగ. 1916లో ప్లేగు వ్యాధి సోకి జనులు పాతయూరు విడిచి ఇప్పటి చోటికి తరలిరట. పక్షులును పాతచోట నుండనొల్లక వారివెంటనే క్రొత్తయూరికి వచ్చి చింతచెట్లపై గూళ్ళు కట్టెనని ఆ గ్రామవృద్ధుల మాట. పురిటికి పుట్టింటికి వచ్చు ఆడబిడ్డలవలె వారు వానిని భావింతురు. ఇంత ప్రేమ ఉచితముగా రాలేదు. గూళ్ళున్న చెట్టుకు చింతకాయ కోయుట కుదరదు. అది రైతునకు నష్టమే. ప్రభుత్వమువారు తరువాతి కాలమున చెట్టొక్కింటికి కొంత పరిహార మిచ్చు నేర్పాటు చేసిరి గాని, పరిహారము లేని రోజులలోను ఆ రైతులు చెట్లు నఱుకలేదు. చెట్లక్రింద రాలిన రెట్టను చెఱువుమన్నుతో కలిపి పొలమునకు తోలుకొనిరి.

1990లలో ఆ ప్రాంతపు యువకులు సంఘముగా నేర్పడి, గూళ్ళనుండి జాఱిపడిన పిల్లలను చేరదీసి, చేపలు పెట్టి, ఎగురనేర్చిన పిమ్మట విడిచిపెట్టుచుండిరి. ఆ సంఘమునకు వారు పెట్టుకొన్న పేరు హెజ్జార్లె బళగ. హెజ్జార్లె యనగా గూడబాతు; బళగమనగా మన బలగమే. గూడబాతుల బంధువర్గమని అర్థము. సభ, సమితి యనక బలగమనుట నా కెంతయు నచ్చినది. సభకు పోకున్నను గడచును. చుట్టమింట పురుడైనప్పుడు పోకతప్పదు.

తెలుగుదేశమునకు వత్తము. కడపజిల్లాలో గూడబాతులు గూళ్ళు కట్టుటను గూర్చి 1907లోనే శాస్త్రపత్రికలో ప్రకటింపబడినది. 1946లో పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామమున వాని గొప్ప నివాసమును నీలకంఠన్ గారు కనుగొనిరి. వారు కేరళీయులు, ఆంగ్లాధ్యాపకులు. అనంతరకాలమున ఇందుచూడన్ అను పేర మలయాళమున పక్షిగ్రంథము వ్రాసి ప్రసిద్ధులైరి. ఆరేడు వృత్తాంతమును వారు 1949లో ప్రకటించిరి. వారు కనుగొనిరని నేననుట లోకరీతి ననుసరించియే సుమా. ఆ యూరివారికి అవి యెన్నడును కనబడకపోలేదు. వ్రాసినవారు లేకుండిరి, అంతియే.

అట్టి నివాసము తరువాత ఏమైనది? 1970ల కాలమున కొల్లేటిసీమలో గూడబాతుల గూళ్ళు పాడుపడినవి. కొల్లేటిని చుట్టుముట్టి తొలుత పొలములు, పిమ్మట చేపలచెఱువులు పెరిగినవి. ఎవరో యొక దుర్మార్గుడు తలపెట్టి చేసిన పని కాదిది. ఒకడు గట్టు కొంచెము జరిపెను. ఒకడు చెట్టొకటి అమ్ముకొనెను. ప్రతివాడును నా యొక్కనివలన నేమగునని తలచెను.

ఇతరులను తప్పుపట్టుటకు నాకు నోరు చాలదు. నేను చిన్నవయసున ప్రధానోపాధ్యాయుడుగా నున్న యొక పాఠశాల యావరణలో రెండు పెద్ద చింతలుండెను. ఏటేట తెల్లకొంగలును నీటికాకులును వానిపై గూళ్ళు కట్టుచుండెను. కంపు కొట్టుచున్నదనియు, పిల్లల బట్టలపై రెట్ట పడుచున్నదనియు కొందఱు చెప్పగా, కొమ్మలు కొట్టించుటకు నేనే సంతకము చేసితిని. అది కార్తికమాసము. గూళ్ళలో పిల్లలున్నవో లేవో తలయెత్తి చూచుకొనవలెనన్న యాలోచన నాకు రాలేదు. మధ్యాహ్నమునకు నేలయంతయు ఱెక్కలు రాని పిల్లలు. అయిదవ తరగతి బాలుడొకడు రెండింటిని తువ్వాలులో చుట్టుకొని వచ్చి, "మేష్టారూ, వీటిని ఎక్కడ పెట్టేదండీ?" అని యడిగెను. నేను మాఱుపలుకలేకపోతిని. క్రౌంచవధను చూచి వాల్మీకి పడిన శోకమును గూర్చి ఆ వారముననే పై తరగతివారికి పాఠము చెప్పియుంటిని. మఱుసటియేడు పక్షులు రాలేదు. నేనచట నున్నంతకాలము మఱల రాలేదు. ఆ బాలుని ప్రశ్నకు సమాధానము వెదకుటయే నేను ఈ పనిలో దిగుటకు కారణము.

చెడినది కొంత బాగుపడుటయు చరిత్రములో నున్నది. పక్షులను కాపాడుటకు ఆంగ్లప్రభుత్వమువారు 1887లోను 1912లోను శాసనములు చేసిరి. స్వతంత్రభారతమున 1972లో వన్యప్రాణి సంరక్షణశాసనము వచ్చినది. సూళ్ళూరుపేటకు సమీపమున నేలపట్టు చెఱువు 1976లో పక్షిరక్షణకేంద్రమైనది. అందును కడపచెట్లే గూడబాతులకు ఊయెలలు. 1999లో కొల్లేరు రక్షణకేంద్రమైనది. 2002లో అంతర్జాతీయముగా గణనకెక్కిన చిత్తడినేలల పట్టికలో చేరినది. 2006లో అందలి చేపలచెఱువుల గట్లు పెక్కు తొలగింపబడినవి. కైకలూరు దాపున ఆటపాకలో నేడు గూడబాతులు మఱల గూళ్ళు కట్టుచున్నవి. చెట్లు చాలక అటవీశాఖవారు ఇనుప మంచెలు నిలిపిరి. ఆ పక్షులు ఇనుముపైననే పుల్లలు పేర్చి పిల్లలను పెంచుచున్నవి. చూచి సంతోషింపవలసినదే, కాని చెట్టుండవలసినచోట ఇనుము నిలుచుటకు కొంత సిగ్గుపడవలసియు నున్నది. ప్రపంచమున అపాయస్థితి నున్న ప్రాణుల జాబితాలో గూడబాతు 2007లో ఒక మెట్టు మెఱుగైన స్థానమునకు వచ్చినది. ఇంకను గండము గడచి గట్టెక్కలేదు.

ఇక్కడ ఒక భ్రమను తొలగింపవలెను. ఏ యూరికి పోయినను, ఈ పక్షులు సైబీరియానుండి మాయూరికి వచ్చునని గర్వముగా చెప్పుదురు. ఉత్తరదేశములనుండి శీతకాలమున కొన్ని జాతుల బాతులు వచ్చుట నిజమే. అవి యిచట మేసి, వేసవి రాగానే తమ దేశమునకు మరలిపోయి యచటనే గుడ్లు పెట్టును. మన చింతలపై, కడపచెట్లపై గూళ్ళు కట్టు గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళకొంగలును, నత్తగుల్లకొంగలును అట్టివి కావు. ఇవి మన దేశపువే. ఇచటనే పుట్టి, మేతకై చెఱువునుండి చెఱువునకు తిరుగును. అతిథికి ఒకనాడు ఆతిథ్యము తప్పినను వేఱొక గడప దొరకును. పుట్టిల్లు కూలినచో ఆడబిడ్డ యెచ్చటికి పోవును? కావున మనపై నున్న భారము మనమనుకొన్నదానికంటె పెద్దది.

ఇక సంఘసభ్యులు చేయవలసిన పనులు. వీనికి పాండిత్యమక్కఱలేదు.

మొదటిది నీరు. గూడబాతు మూడు నాలుగు గుడ్లు పెట్టును. అవి పొదిగి పిల్లలగుటకు ఇంచుమించు నెలదినములు. పిల్ల ఎగురుటకు మూడునెలలకు తక్కువ పట్టదు. కార్తికమున గుడ్లు పెట్టిన పక్షికి ఫాల్గునమువఱకైనను చెంతనున్న చెఱువులలో నీరును చేపయు నుండవలెను. సంక్రాంతికే చెఱువెండినచో పిల్లలు గూటిలోనే మాడును. రైతు పైరు మానుకొనవలెనని నేననను. తూములకడ, కాలువలకడ వృథాగా పోవు నీటిని అరికట్టుడు. పూర్వము కుడిమరామతు పేర ఊరంతయు కలసి పూడిక తీసెడివారు. దానిని మఱల నారంభింపుడు. చెఱువులో జానెడు పూడిక తీసిన, ఆ జానెడు నీరు మీ పశువులకును పైరునకును గూడ దక్కును.

రెండవది చెట్టు. చింత మ్రానై గూటికి పనికివచ్చుటకు ఒక తరము పట్టును. నేడు నాటినవాడు మనుమని కొఱకు నాటుచున్నాడు. ఉన్న చెట్టును నిలుపుట పది మొక్కలు నాటుటకంటె మేలు. ఊరుమ్మడి స్థలములో ఏ చెట్టును కొట్టవలసినను, ఒక సభ్యుడు ముందుగా పోయి గూళ్ళు చూచి రావలెనని పంచాయతీలో తీర్మానము చేయించుడు. నేను ఆనాడు చేయనిది మీరు చేయుడు.

మూడవది నిమ్మళము. తమిళనాట శివగంగజిల్లాలో వేట్టంగుడి పక్షికేంద్రము చెంతనున్న కొల్లుకుడిపట్టి గ్రామస్థులు పక్షులు బెదరునని దీపావళికి బాణసంచా కాల్చరు. ఒకరు చెప్పి మాన్పించినది కాదు; ఊరే మానుకొన్నది. అంతటి నియమము అందఱికి చెల్లకపోయినను, గూళ్ళకాలమున చెఱువుగట్టున మైకులు, బాణసంచా లేకుండ చూచుట మన చేతిలోని పని. బాలుర చేతిలోని ఉండేలు తీసికొని లెక్కపుస్తకమిచ్చుట మఱింత మేలు.

అదియే నాలుగవది: పద్దు. అమెరికాలో క్రిస్మసు పండుగనాడు తుపాకులు పట్టి పక్షులను కొట్టు వేడుక యుండెడిది. 1900 డిసెంబరు 25న చాప్మన్ అను నాయన ప్రేరణచే ఇరువదియేడుగురు చంపుటకు మాఱు లెక్కించుట ప్రారంభించిరి. నాడు ఇరువదియేడుగురితో మొదలైన యా పని నేటికిని ఏటేట జరుగుచున్నది. మన దేశమున 1987నుండి ప్రతి జనవరిలో నీటిపక్షుల గణన జరుగుచున్నది. మీ చెఱువును అందు చేర్పుడు. గూళ్ళెన్ని, పక్షులు వచ్చిన తిథి యేది, వెడలిన తిథి యేది యని కరణముగారి దండకవిలెవలె సంవత్సరమునకొక పుట వ్రాసియుంచుడు. ఇందు వృద్ధులకే యగ్రతాంబూలము. ఏ కఱవులో పక్షులు రాలేదో, ఏ తుపానులో ఏ చెట్టు కూలెనో మీ జ్ఞాపకముననే యున్నది. అది మీతో గతింపకుండ కాగితమునకెక్కవలెను. ఆరేడు కథను 1946కు ముందు వ్రాసినవారు లేకపోవుటచేత, ఎన్ని తరముల చరిత్రము పోయినదో యోచింపుడు.

అయిదవది సంఘధనము. చందా కొంచెమే వచ్చును. దానిని శాలువాలకును, పటములకును, గొప్ప ఫలకములకును వెచ్చింపక, మొక్కకు కంపకోటకును, పడిపోయిన పిల్లల మేతకును, గూళ్ళున్న చెట్ల యజమానికి కొంత పరిహారమునకును వినియోగింపుడు. చింతకాయ నష్టపోవు బీదరైతు నొక్కని త్యాగముపై ఊరంతయు పేరు తెచ్చుకొనుట న్యాయము కాదు.

భారతమున ఆనుశాసనికపర్వమందు భీష్ముడు ధర్మజునకు ఒక చిలుక కథ చెప్పును. వేటకాని విషబాణము తగిలి యొక మహావృక్షమెండిపోయినది. తక్కిన పక్షులన్నియు ఎగిరిపోయినవి. ఒక చిలుక మాత్రము, నేను పుట్టినది యీ చెట్టున, పెరిగినది యీ చెట్టున, చెడినదినములలో దీనిని విడువజాలనని తొఱ్ఱలో నిలిచినది. ఇంద్రుడు మెచ్చి వరమడుగుమనగా, చిలుక తనకేమియు కోరక, చెట్టు మఱల చిగురింపవలెనని కోరినది. చెట్టుపై పక్షికున్న కృతజ్ఞత యది. చెట్టు, పక్షి, చెఱువు, ఈ మూటివలనను బ్రదికిన మనకు అంతకంటె తక్కువ కృతజ్ఞత యుండదగునా?

వేడంతాంగల్ రైతులు 1798లో పొందిన కౌలును 1858లో మఱల వ్రాయించుకొనవలసివచ్చెనని చెప్పితిని. ఆ యఱువదియేండ్లలో మొదటి కౌలు పొందినవారిలో బ్రదికియున్నవారు అరుదు. కొడుకులో మనుమలో పోయి నిలుచుండి మఱల అడిగియుందురు. తండ్రి కాచిన పక్షిని కొడుకు కాచునన్న నమ్మకము లేదు. అతడు తనంతట పూనుకొనవలెను. మన తండ్రుల కౌలు గడువు మన కాలముతో ముగియుచున్నది. ఈ యేడు చెఱువు నిండునప్పటికి మీ యూరి సంఘమువారు ఒకసారి గట్టుమీద కూడి, మనుమలను ప్రక్కన నిలుపుకొని, దానిని తిరుగవ్రాయుదురని ఆశించుచున్నాను.

స్వస్తి.